సాగుదారు ఎవరు?

తాను రైతునన్న సంగతి దుర్గ్ నుంచి భూమి లెక్కలు రాసే పట్వారీ ఫోను చేసేదాకా జోజికి తెలియదు. అతను స్టీల్ ప్లాంట్‌లో క్రేను నడుపుతాడు. రిటైరయితే క్వార్టర్ ఖాళీ చెయ్యాలి కదా అని ఇల్లు కట్టుకోవడానికి దుర్గ్ అవతల కాస్త నేల కొనుక్కున్నాడు. ఊరికే పడి ఉండడమెందుకని, ఆ ఊరి బిసాహిన్ అనే ఆవిడ కూరగాయలు వేసుకుంటానంటే సరేనన్నాడు. ఆమె పండించింది సుపేలా బజారులో అమ్ముకునేది, జోజి ఇంటికో సంచీ టమాటాలు పంపేది. జోజి వ్యవసాయం అంతవరకే.

లాక్‌డౌన్‌లో బజారు మూసేసరికి టమాటాలన్నీ చేలోనే కుళ్లిపోయాయి. వానలు వెలిశాక, అలా నష్టపోయిన రైతులకు సర్కారు సాయం ప్రకటించింది. కాగితాల్లో నేల జోజిది. సాగు ఎవరిదో వచ్చి చెప్పమన్నాడు పట్వారీ.

బిసాహిన్‌దని చెబితే సరిపోతుందనుకున్నాడు పాపం. తోటి క్రేను మనిషి హార్వే అది విని గుండెలు బాదుకున్నాడు.

“నీకేటి మతి పోయిందేటి? ఒకపాలి దాని పేరు రాయించేవంటే నేల దానిదైపోద్ది. నీ ఇల్లు గోవిందా!”

కోర్టు గుమాస్తా ఇమ్మానుని అడిగితే, అదేం కాదు, ఒక్క ఏడాది పేరు రాసినంతమాత్రాన ఏమీ అవదన్నాడు. అంతా చెప్పి, ఎందుకైనా మంచిది రాయించకు అని కూడా అన్నాడు. జోజికి ఉన్న కాస్త ధైర్యమూ పోయింది.

“డబ్బు నీకే రానీ. దానికిచ్చేద్దాం,” అంది భార్య కృపమ్మ.

“నాను రైతునని అబద్ధమాడాలేటి?”

“అయితే దాని పేరే సెప్పు.”

“నేల పోతేనో?”

“సెప్పకు మరి.”

“ఒక్క మాట మీద నిలబడవేటే!”

“నువ్వు నిలబడ్డావేటయ్యా?” అని ఆమె అన్నం వడ్డించింది.

ఎటూ తేల్చుకోకుండానే దుర్గ్ వెళ్లాడు. అక్కడ బిసాహిన్ ముందే వచ్చి కూర్చుంది. జోజి నోరు తెరిచేలోపే, “సాగు భయ్యాదే సాబ్. నేను కూలికి పోతానంతే,” అని హిందీలో చెప్పేసింది.

జోజికి బుర్ర తిరిగిపోయింది. ఆమెను వరండాలోకి పిలిచాడు. “అదేమిటి? నష్టపోయింది నువ్వు కదా?”

“మా బావగారి పేరు ఇలాగే రాయించారు భయ్యా. నేల మాలిక్‌కి భయమేసి చేను లాగేసుకున్నాడు. నాకా డబ్బొద్దు. నేలుంటే చాలు,” అందామె గొంతు తగ్గించి.

ముందు జోజికి ప్రాణం లేచివచ్చింది. నేల భద్రం, పైగా తను అడగకుండానే. ఆ వెంటనే సిగ్గేసింది. వచ్చే ఏప్రిల్‌లో పునాది తీయడానికి మేస్త్రీకి బయానా కూడా ఇచ్చేశాడు. ఈ మనిషికి మాత్రం చెప్పలేదు. నేల ఉంటుందని ఈమె సాయం వదులుకుంటోంది. ఆ నేల ఎలాగూ ఉండదు. కనీసం సాయమైనా దక్కాలి కదా!

విసురుగా లోపలికి వెళ్లాడు. “విత్తిందీ, నీళ్లు పెట్టిందీ ఈవిడే సాబ్. ఈవిడ పేరే రాసుకోండి,” అన్నాడు.

పట్వారీ రాసుకున్నాడు. మంచిపని చేశానన్న ధైర్యంతో జోజి వెనక్కి తిరిగాడు. బిసాహిన్ గుమ్మం పట్టుకుని నిలబడింది.

“ఏం తప్పు చేశాను భయ్యా? ఎందుకు నన్ను వెళ్లగొడుతున్నావు?”

గదిలో వాళ్లంతా జోజిని చూశారు. వెళ్లగొట్టడం లేదమ్మా అనాలి. అంటే అబద్ధం.

“మార్చి దాకా చేసుకో, బిసాహిన్,” అన్నాడు.

పట్వారీ వేలిముద్ర కోసం ఇంకుప్యాడ్ ముందుకు జరిపాడు. ఆమె రెండు చేతులూ కొంగులో దాచేసుకుంది.