ప్రజారోగ్య ఫ్లెక్సీ

ఆకివీడు బజార్లో జగన్మోహనరావు గారికి మూడంతస్తుల మేడ ఉంది. మేడ మీద సెల్ టవర్ ఉంది. దాని అద్దె నెలనెలా, రేడియేషన్ అంటకుండా, ఆయన బ్యాంకు ఖాతాలో పడుతూ ఉంటుంది. ఈ మధ్య వర్తక సంఘం అధ్యక్ష పదవి మీద మనసు పడి, ఓట్లు రాల్చే సమస్య ఏదైనా ఉందా అని వెతుక్కుంటే ఆయనకు టవర్ల రేడియేషన్ దొరికింది. ఊళ్ళో టవర్లన్నీ పీకేయాలని కమిటీ వేశారు. "మరి మీ మేడ మీద దాని సంగతేంటండీ?" అని ఎవరైనా అడిగితే, "దానికి అగ్రిమెంటు ఉంది కదండీ" అనేవారు. అగ్రిమెంటు ఉన్న రేడియేషన్ మర్యాదస్తురాలని కాబోలు ఆయన ఉద్దేశం.

ఆ మేడకు రూబీ వచ్చింది. ఏలూరు పిల్ల. టవర్ల బాగోగులు చూసే తాడేపల్లిగూడెం కంపెనీలో సేఫ్టీ ఇంజనీరుగా కొత్తగా చేరింది. యాంటెన్నాల దగ్గర హెచ్చరిక బోర్డులు ఉన్నాయో లేదో చూసి రమ్మన్నారు.

జగన్మోహనరావు గారు ఆమెను నేరుగా తన పడకగదికి తీసుకెళ్ళారు. కిటికీలకు పులిహోర పొట్లాలు కట్టే వెండిరంగు రేకు అతికించి ఉంది.

"ఇక్కడ కొలిచి చూడమ్మా. నిద్ర పట్టదు. తల దిమ్ము."

రూబీ నడుముకున్న చిన్న రేడియేషన్ మీటరు కిక్కురుమనలేదు.

"యాంటెన్నా టార్చిలైటు లాంటిదండీ. తన ముందుకు కొడుతుంది. కింద గదుల్లో ఉండేది చాలా తక్కువ. దాని ఎదురుగా, దగ్గరగా నిలబడేవాళ్ళకే ముప్పు."

"మీ కంపెనీ మిషనేగా! మీకు ఎదురు చెబుతుందా?" అన్నారాయన, మిషన్ని జాలిగా చూస్తూ.

మేడ మీదికి వెళ్ళేసరికి అదే మిషన్ కీచుమని గోల పెట్టింది. తెల్లటి యాంటెన్నాల ముందు, బారెడు దూరంలో నిచ్చెన వేసుకుని, దేవసహాయం అనే పెద్దాయన ఇనప ఫ్రేముకు వెల్డింగు చేస్తున్నాడు. కింద సగం విప్పిన ఫ్లెక్సీ చుట్టలోంచి జగన్మోహనరావు గారి సగం ముఖం నవ్వుతోంది. దాని పక్కన 'రేడియేషన్ లేని ఆకివీడే నా ధ్యేయం' అన్న అక్షరాలు. హెచ్చరిక బోర్డు మాత్రం భద్రంగానే ఉంది, నీళ్ళ డ్రమ్ము మీద మూతగా.

"బాబాయ్ గారూ, ముందు దిగండి!"

దేవసహాయం దిగి ఎడమ చెంప తడుముకున్నాడు. "ఈ పక్క వెచ్చవెచ్చగా ఉందమ్మా. ఎండ అనుకున్నాను."

పొద్దుట్నుంచీ ఆకాశం మబ్బు పట్టే ఉంది.

"కళ్ళు మంటగా ఉన్నాయా? తల తిరుగుతోందా?"

"లేదమ్మా. షాకు కొట్టదు, పరవాలేదు అన్నారు అయ్యగారు."

"కొట్టలేదు కదా!" అన్నారు జగన్మోహనరావు గారు. "ఆ మిషను పాడైపోయుంటుంది."

టవర్ ఆపించాలంటే మేనేజరు చెప్పాలి. రూబీ తాడేపల్లిగూడేనికి ఫోను చేసింది. మేనేజరు శ్యామ్ సుందర్ గారి గొంతు తేనెలా ఉంటుంది.

"రూబీ గారూ, చేపల లోడింగు వేళండీ ఇది. ఆపితే కంప్లయింట్లు వస్తాయి. ఆయన్ని కాస్త వంగి చేసుకోమనకూడదూ?"

"వంగి నిచ్చెన మీద వెల్డింగు చెయ్యమంటారా సార్?"

"మీరన్నీ సీరియస్‌గా తీసుకుంటారండీ."

"సరే సార్. 'ఆపక్కర్లేదు, బాధ్యత నాది' అని ఒక్క మెసేజ్ పెట్టండి. పని కానిచ్చేస్తాం."

అవతల తేనె గడ్డకట్టింది. మెసేజ్ రాలేదు. రూబీ నిచ్చెన పడుకోబెట్టి దాని మీద కూర్చుంది. ఉద్యోగంలో చేరి నెల తిరగలేదు, అప్పుడే పోతుందేమోనని భయం వేసింది. అయినా లేవలేదు. కాసేపటికి మీటరు చప్పబడింది. మేనేజరు గారు టవర్ ఆపించారు.

టవర్ ఆగగానే ఆకివీడు బజారుకు ఊపిరాగింది. మంచు పెట్టెల్లో చేపలు సిద్ధంగా ఉన్నాయి గానీ, లారీ ఎక్కడుందో అడిగే దారి లేదు. టిఫిన్ తిన్నవాళ్ళు డబ్బు పంపలేక హోటలువాడి ముఖం, హోటలువాడు వాళ్ళ ముఖం చూసుకుంటున్నారు. కాసేపట్లో మేడ కింద జనం పోగయ్యారు. అందరికంటే ముందున్నది కమిటీ కార్యదర్శి రత్నమాణిక్యం. టవర్లు తీసేయాలని ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించింది ఆవిడే. ఆవిడకు చేపల చెరువులు కూడా ఉన్నాయి.

"ఏవండీ! టవర్ తీసేయమన్నాం గానీ, సిగ్నల్ తీసేయమన్నామా అండీ?" అని గట్టిగా అడిగింది.

జనం అవునవునన్నారు. జగన్మోహనరావు గారు పిట్టగోడ దగ్గర్నుంచి వెనక్కి తిరిగి, "అమ్మాయ్, ఆన్ చేయించు! దేవసహాయం, నువ్వెక్కి రెండు బోల్టులు బిగించెయ్యి!" అన్నారు.

దేవసహాయం నిచ్చెన వైపు చూశాడు. రూబీ వైపు చూశాడు.

"ఆన్ చేస్తే నేనెక్కనండి. నా మొహం ఫ్లెక్సీ మీద లేదు కదండీ, నాకున్నది ఇదొక్కటే."

ఆయన కోపంగా అనలేదు. మేస్త్రీలు కొలత చెప్పినట్టు చెప్పాడు. చివరికి టవర్ ఆగి ఉండగానే ఫ్రేము ఊడదీసి, యాంటెన్నాలు చూడని వెనక పక్క బిగించారు. ఆ తర్వాతే సిగ్నల్ వచ్చింది. కింద జనం 'హలో హలో' అంటూ సాగిపోయారు. వెనక పక్క ఇళ్ళు లేవు, చెరువులున్నాయి. ఇప్పుడు జగన్మోహనరావు గారు కొంగలకూ బొచ్చె చేపలకూ చిరునవ్వుతో రేడియేషన్ లేని ఆకివీడును వాగ్దానం చేస్తున్నారు.

వర్తక సంఘం ఎన్నికల్లో ఆయన మీద నిలబడి రత్నమాణిక్యం గెలిచింది. 'ప్రతి వీధికీ మంచి సిగ్నల్' అన్నది ఆవిడ నినాదం.

ఆ ఏడు భద్రతా వారోత్సవాల్లో ఉత్తమ సేఫ్టీ మేనేజరుగా శ్యామ్ సుందర్ గారికి శాలువా కప్పారు. 'సకాలంలో టవర్ ఆపించి ఒక కార్మికుణ్ణి కాపాడినందుకు' అని చదివారు. రూబీ వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది. ఆమెను పెదపాడు వైపు సైట్లకు మార్చిన ఉత్తర్వు అప్పటికే హ్యాండుబ్యాగులో ఉంది.

బయటికొచ్చేసరికి ఫోను మోగింది. దేవసహాయం.

"అమ్మా, భీమడోలులో ఓ మేడ మీద పని ఒప్పుకున్నాను. అక్కడా తెల్ల డబ్బాలున్నాయి. ఆపితేగాని ఎక్కనన్నానని మేస్త్రీ తిడుతున్నాడు. ఎవర్ని అడగాలంటారు?"

"కింద ఎక్కడైనా నీడన కూర్చోండి బాబాయ్ గారూ," అంది రూబీ, బస్సుకు చెయ్యెత్తుతూ. "నేనొస్తున్నాను."