గోడకు అంటించిన రాడ్డు

మోకాలి ఆపరేషన్ తర్వాత అత్తగారు కూతురింటికి వచ్చారు. స్నానాల గదిలో పట్టుకుని లేవడానికి గోడకు ఏదైనా ఆధారం పెట్టించమని డాక్టరు చెప్పాడు. స్టీలు రాడ్డు అల్లుడే కొనుక్కొచ్చాడు. తానే బిగిస్తానన్నాడు.

"మీరా?" అంది భార్య.

"ఏం, నాకు చేతుల్లేవా?"

"ఉన్నాయి. కిటికీకి కర్టెన్ రాడ్డు పెట్టింది కూడా ఆ చేతులే. కర్టెన్ ఇప్పుడు బీరువాలో ఉంది."

అదే వీధి చివర ఉండే బావమరిది దగ్గర గోడలకు వాడే డ్రిల్లింగ్ మెషీన్ ఉంది. తిరుగుతూనే సుత్తిలా లోపలికి కొట్టే రకం. "మెషీన్ తీసుకెళ్లు బావా, లేకపోతే నేనే వచ్చి బిగిస్తా" అన్నాడతను. అల్లుడు వద్దన్నాడు. ఇదివరకు ఒకసారి అతని దగ్గర నిచ్చెన తెచ్చుకున్నాడు. బావ నిచ్చెనను తలకిందులుగా వేసి ఎక్కాడని బావమరిది చుట్టాలందరికీ చెప్పాడు, ఎక్కి చూపించాడు కూడా. అబద్ధం కాదు. తలకిందులుగానే వేశాడు.

అందుకని సొంతంగా మెషీన్ కొనాలనుకున్నాడు. చవక రకాల్లో ఏ డబ్బాలో ఎక్కువ ముక్కలుంటే అది మంచిదని అతని లెక్క. అలాంటిదే దొరికింది. డబ్బాలో డ్రిల్లుతో పాటు రకరకాల బిట్లు, పటకారు, టేపు, మట్టం చూసే వేలెడంత గొట్టం ఉన్నాయి. చెక్కకు, పలచటి రేకుకు అని డబ్బా మీద రాసి ఉంది. గోడ సంగతి రాయలేదు. రాయలేదంటే కూడదని కాదుగా అనుకున్నాడు.

ఆదివారం అత్తగారు, భార్య పక్కింటికి వెళ్లిన సమయం చూసుకుని పని మొదలుపెట్టాడు. పెన్సిలుతో గుర్తులు పెట్టాడు. బిట్టు టైలును దాటింది, ప్లాస్టరును దాటింది, అక్కడ ఆగిపోయింది. వెనక కాంక్రీటు ఉంది. రెండు చేతులతో అదిమాడు. మెషీన్ తిరుగుతోంది, బిట్టు కూడా తిరుగుతోంది, రంధ్రం మాత్రం పెరగడం లేదు. కాలిన వాసన వచ్చింది. బయటికి తీసి చూస్తే బిట్టు మొన నీలంగా మారింది. ఇంకో బిట్టు వేశాడు. అది వంగింది. అన్ని రంధ్రాలూ గోరు లోతు దగ్గరే నిలిచాయి.

రాడ్డుతో వచ్చిన స్క్రూలు వేలెడు పొడుగు. సగం కూడా పోకుండానే తలలు బయట నిలబడ్డాయి. ఇంటావిడ వచ్చేలోపు గోడ ఇలా ఉండకూడదు. అప్పుడతనికి ఆ మాట ఒక్కటే తోచింది.

ఇనుము కోసే రంపం తీసుకుని స్క్రూలను కోశాడు, తలలకు కాస్త కాడ మిగిలేలా. రాడ్డు రెండు చివర్లకీ ట్యూబులోని జిగురు పట్టించి గోడకు నొక్కాడు. రంధ్రాల్లోనూ జిగురు నింపి కోసిన స్క్రూ తలలు కూర్చోబెట్టాడు. గుడ్డతో తుడిచాడు. దూరంగా నిలబడి చూస్తే దుకాణంలో గోడకు బిగించి చూపించే రాడ్డులాగే ఉంది. తర్వాత సరిగ్గా చేద్దామనుకున్నాడు.

అత్తగారు వచ్చి చూశారు. తువ్వాలుతో రాడ్డును ఒకసారి తుడిచారు.

"నిజంగా మీరే పెట్టారా బాబూ?"

"ఆఁ. కాకపోతే లోపల సిమెంటు పెట్టాను. ఆరాలి. అప్పుడే పట్టుకోకండి."

సిమెంటు అన్న మాట ఎలా వచ్చిందో అతనికే తెలియదు. అత్తగారు సరేనన్నారు. స్నానానికి పోయినప్పుడు ప్లాస్టిక్ స్టూలు గోడ పక్కకు లాక్కుని, దాని మీద చెయ్యి వేసి లేచేవారు. రోజూ పొద్దున ఆ స్టూలు గచ్చు మీద రాసుకునే చప్పుడు హాల్లోకి వినిపించేది.

"ఆరిందా బాబూ?"

"ఇంకొంచెం ఆగండి."

"అంత గట్టి సిమెంటేమో" అనేవారు. ఆ మాటే పక్కింటావిడకూ చెప్పారు, ఫోన్‌లో చెల్లెలికీ చెప్పారు. కొడుకును కూడా వదల్లేదు. "నువ్వూ ఉన్నావు. మెషీన్ కొనుక్కుని అలమరలో దాచుకున్నావు. మా అల్లుడు చూడు, ఎవరినీ పిలవకుండా కానిచ్చాడు."

"నిచ్చెన అవసరం లేని పని కదమ్మా, అందుకే కుదిరింది" అన్నాడు బావమరిది.

అందరూ నవ్వారు. అల్లుడూ నవ్వాడు. అప్పుడే చెప్పేసి ఉండొచ్చు. నిజం చెప్పాలంటే ముందు స్క్రూలు కోసిన సంగతి చెప్పాలి.

తర్వాతి ఆదివారం అత్తగారి చెల్లెలు అక్కను చూడటానికి వచ్చారు. మనిషి భారీగా ఉంటారు, నడుము నొప్పి. హాల్లో బావమరిది, భార్య కూర్చుని ఉన్నారు. అల్లుడు మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లాడు. అక్కడికి అత్తగారి మాట వినిపించింది.

"నిక్షేపంలా స్నానం చేసి రా. లేచేటప్పుడు గోడకు రాడ్డుంది, పట్టుకో. ఈపాటికి ఆరిపోయి ఉంటుంది. ఏనుగును కట్టేసినా ఊడదు."

"అంటే నన్ను ఏనుగంటున్నావా అక్కా?"

"నేనన్లేదు. నువ్వే అనుకుంటున్నావు."

స్నానాల గది తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది. అల్లుడు గ్లాసు పెట్టేసి వెళ్లి తలుపు మీద కొట్టాడు.

"చిన్నత్తగారూ, ఆ రాడ్డు పట్టుకోకండి."

లోపల నీళ్ల చప్పుడు.

"ఏంటి బాబూ?"

"రాడ్డు పట్టుకోకండి."

"వినపడట్లేదు, గట్టిగా చెప్పు."

హాల్లో మాటలు ఆగాయి. అతను గట్టిగానే చెప్పాల్సి వచ్చింది.

"అది బిగించలేదండీ. జిగురుతో అంటించాను. స్క్రూలు లోపలికి పోలేదు."

కొళాయి కట్టేశారు. ఆ తర్వాత లోపలి నుంచి నింపాదిగా మాట వచ్చింది.

"మరి నేను నీ మాట వినడానికని దాన్ని పట్టుకునే లేస్తున్నానే. ఇప్పుడేం చెయ్యను?"

భార్య పరుగున వచ్చింది. అతన్ని పక్కకు నెట్టి తలుపు దగ్గర చెవి పెట్టింది. "పిన్నీ, కంగారు పడకు. బరువు కిందికి తీసుకో. కూర్చో. మళ్లీ స్టూలు మీద కూర్చో."

గచ్చు మీద ఏదో రాసుకున్న చప్పుడు. "కూర్చున్నా."

"బాల్టీ బోర్లించి దాని మీద చెయ్యి ఆనించి లే. తొందరేం లేదు."

ఎంతసేపో పట్టింది. గడియ తీశారు. చిన్నత్తగారు ఒంటికి తువ్వాలు, భుజానికి చీర చుట్టుకుని, అక్క కూతురి చెయ్యి పట్టుకుని గదిలోకి వెళ్లిపోయారు. అల్లుడి వైపు చూడలేదు.

బావమరిది లోపలికి వెళ్లి రాడ్డు మీద చెయ్యి వేసి లాగాడు. ఒక చివర టైలు ముక్కతో సహా ఊడి చేతిలోకి వచ్చింది. స్క్రూ తలలు గచ్చు మీద పడి దొర్లాయి. ఒకటి గుమ్మం దాకా వచ్చింది. అక్కడ నిలబడి ఉన్న అత్తగారు గుమ్మం పట్టుకుని, ఆపరేషన్ కాలు చాచి, వంగి దాన్ని తీశారు. వేళ్ల మధ్య తిప్పి చూశారు. కాడ చివర రంపంతో కోసినట్టు తిన్నగా ఉంది.

"ఇది ఇలాగే వస్తుందా బాబూ?"

"లేదండీ."

"మీరు కోశారా?"

"అవునండీ."

"సిమెంటూ?"

అతను తల అడ్డంగా ఊపాడు. ఆవిడ ఆ ముక్కను అతని చేతిలో పెట్టి లోపలికి వెళ్లారు.

"చేతకాలేదంటే పోయేది" అంది భార్య. "కోయడానికి ఎంతసేపు కూర్చున్నారు?"

బిగించడం కంటే కోయడానికే ఎక్కువసేపు పట్టింది.

బావమరిది నవ్వుతాడని ఎదురుచూశాడు. నిచ్చెన మాట ఎత్తుతాడనుకున్నాడు. అతను చేతులు కడుక్కుని, ఇంటికి వెళ్లి మెషీన్ తెచ్చాడు. "బావా, ఇది పట్టుకో. మోచేతులు ఒంటికి ఆనించి నొక్కు" అన్నాడు, అంతే. కాంక్రీటు పొడి రాలింది. కొత్తగా తెచ్చిన స్క్రూలు తల దాకా దిగాయి. ఆ సాయంత్రమంతా బావమరిది ఒక్క ఎకసెక్కం ఆడలేదు. ఆడితే బాగుండునని అల్లుడికి అనిపించింది.

పని అయ్యాక అతను రాడ్డును పట్టుకుని, మోకాళ్లు మడిచి, కాళ్లు గచ్చుకు తగలకుండా వేలాడాడు. అత్తగారు గుమ్మంలో నిలబడి చూశారు.

"ఇంకాసేపు ఉండండి" అన్నారు.

ఉన్నాడు. చేతులు వణికేదాకా ఉన్నాడు.

అప్పటి నుంచి రోజూ పొద్దున అత్తగారు తువ్వాలు తీసుకుని వచ్చేసరికి అతను స్నానాల గదిలో ఉంటున్నాడు. తలుపు తీసే ఉంచి, రాడ్డుకు వేలాడి, దిగి, పక్కకు తప్పుకుంటాడు. ఎవరూ చేయమనలేదు. ఆవిడ మొదట్లో చూసి లోపలికి వెళ్లిపోయేవారు. ఈరోజు మాత్రం, "చాల్లెండి బాబూ, ఆఫీసుకు ఆలస్యమవుతుంది" అన్నారు. మామూలుగానే అన్నారు.

అతను బయటికి వచ్చాడు. వెనక తలుపు మూసుకుంది, గడియ పడింది. హాల్లో నిలబడి చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే లోపల ప్లాస్టిక్ స్టూలును గచ్చు మీద గోడ పక్కకు లాగిన చప్పుడు వినిపించింది.