పదకొండో లైను

"మళ్ళీ ఉప్పు మర్చిపోయావా?" అన్నారు మా ఆయన, కంచం పక్కకు నెడుతూ. రెండేళ్ళ కిందటి మాట. ఉప్పు డబ్బా చేతిలోకి తీసుకున్నప్పుడే అత్తయ్య మాత్రలేవని పిలిచారు. ఇచ్చి వచ్చేసరికి వేసేశాననే అనుకున్నాను. మధ్యలో ఆగిన పని అయిపోయిందనుకోవడం మనసుకి అలవాటు. నా ఉద్యోగమంతా దాని గురించే. విమానం లేచేముందు పైలట్లలో ఒకరు చదువుతుంటే ఇంకొకరు సరిచూసుకునే చెక్‌లిస్టు రాస్తాను. మా ఆయన అదే కంపెనీలో సీనియర్ కెప్టెన్.

ఆ రోజే ఆఫీసులో చెక్‌లిస్టు మీద పైలట్లతో మీటింగు. అప్పటికి కాక్‌పిట్‌లో పైలట్ల వెనక కూర్చుని నలభై ప్రయాణాలు చూశాను. పదకొండో లైను, రెక్కల వెనక ఫ్లాప్స్ దించారా అన్నది, సరిగ్గా కంట్రోల్ టవర్ నుంచి పిలుపు వచ్చే సమయానికే పడుతోంది. జవాబిచ్చి మళ్ళీ కాగితం చూసేసరికి కళ్ళు పన్నెండు మీదికి పోతున్నాయి. దాన్ని విమానం కదలకముందే చదివేలా పైకి జరపాలని కాగితం రాసిచ్చాను.

"ఇంట్లో ఉప్పే గుర్తుండదు, మాకు మతిమరుపు మీద పాఠాలా?" అన్నారు మా ఆయన. గది గదంతా నవ్వింది. నా కాగితం బీరువాలోకి పోయింది.

పోయిన నెల ఫ్లాప్స్ దించని విమానం ఒకటి లేవలేక రన్‌వే దాటిపోయింది. లిస్టు చదివిన కో-పైలట్ పిల్ల చనిపోయింది. ఇరవై ఆరేళ్ళు. కాక్‌పిట్ రికార్డింగులో ఆమె గొంతు విన్నాను. పది, టవర్‌కి జవాబు, పన్నెండు.

"విచారణలో తప్పు ఆ పిల్లదేనని రాస్తున్నారు. పోయిన మనిషికి కొత్తగా పోయేదేముంది? నీ పాత కాగితం బయటికి తియ్యకు, ప్లీజ్" అన్నారు మా ఆయన. పదిహేనేళ్ళ కాపురంలో ఆయన నన్ను బతిమాలడం అదే మొదటిసారి.

విచారణ గది బయట బెంచీ మీద ఆ పిల్ల తల్లి కూర్చుని ఉంది. నా మెడలో కంపెనీ కార్డు చూసి చెయ్యి పట్టుకుంది. "మా అమ్మాయి అజాగ్రత్త మనిషి కాదమ్మా. స్కూలు సంచి కూడా రెండుసార్లు చూసుకునేది" అంది.

లోపల, కాగితం బల్ల మీద పెట్టాను.

"అంటే ముందే తెలుసన్నమాట. ఎవరు వద్దన్నారు?" అడిగారు విచారణాధికారి.

"మా ఆయన."

అధికారి రాసుకున్నారు. "మీరు మళ్ళీ అడగలేదా?"

"లేదండీ. ఇంట్లో గొడవవుతుందని ఊరుకున్నాను. అది కూడా రాయండి."