మ్యాప్‌లో ఆరో ఇల్లు

కెనడాలో నోవా స్కోషియా తీరంలో యాత్రికులకు పంచే మ్యాప్‌లో వెర్నా ఇల్లు ఆరో నంబరు. ఎర్ర గోడలు, తెల్ల తలుపు, తలుపు నుంచి వీధిలోకి నిటారుగా పద్నాలుగు రాతిమెట్లు. చూసేవాళ్లకు అవి ముచ్చట. లోపలున్న మనిషికి మాత్రం జైలు.

ఆ మనిషి ఆమె భర్త ఎల్బర్న్. నలభై ఏళ్లు సముద్రంలో పెద్ద రొయ్యల్లాంటి లాబ్‌స్టర్లు పట్టినవాడు, నిరుడు నవంబరులో పక్షవాతం వచ్చి చక్రాల కుర్చీలో పడ్డాడు. ఒకసారి ఇద్దరు కుర్చీతో మోయబోయి ముగ్గురూ జారిపడ్డారు. అప్పటి నుంచి అతను గడప దాటలేదు. మెట్ల పక్కన చిన్న లిఫ్టు పెట్టుకుంటామని వెర్నా మూడు అర్జీలు పెట్టింది. పాత ఇళ్లను కాపాడే కమిటీ మూడుసార్లూ కుదరదంది. ఇంటి రూపం చెడుతుందట. లోపలి మనిషి ఏమైపోతున్నాడో వాళ్లకు పట్టలేదు.

కిటికీ దగ్గర కూర్చుంటే జనం ఫోటోలు తీస్తారు. తెర వేస్తే అతనికి ఇక కనిపించేది గోడే.

"ఇవాళ ఎంతమంది?" చేపల సూపు అందిస్తూ అడిగింది వెర్నా.

"పదిహేడు. ఒకావిడ, 'బొమ్మ భలే చేశారే' అంది. కన్నుకొట్టాను. కెవ్వుమంది."

వెర్నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

ఒకనాడు ఎల్బర్న్ పడవలో పనిచేసిన క్లైడ్ వచ్చాడు.

"వెనక తలుపు కింద నీళ్లేగా! సీజన్ అయిపోయి పడవ ఖాళీగా ఉంది. లాబ్‌స్టర్ బోనులు పైకి లాగే క్రేన్‌తో వీణ్ని పడవలోకి దించేద్దాం."

"నా మొగుడు లాబ్‌స్టరా?"

"అంత రుచెక్కడిది వీడికి?"

మర్నాడు పోటు నిండిన వేళకి కుర్చీతో సహా కట్టి అతన్ని గాల్లోకి లేపారు. వెర్నా ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని నిలబడింది. నీళ్లమీద వేలాడుతూ ఎల్బర్న్ కేరింతలు కొట్టాడు. రేవు నిండా జనం చేరి చప్పట్లు కొట్టారు. ఆ పూటంతా పడవలో తిరిగి, ముక్కు ఎండకి కమిలిపోయి, తొమ్మిది నెలల తర్వాత మనిషిలా, మళ్లీ ఆ క్రేన్‌తోనే ఇంటికొచ్చాడు.

రెండు రోజులకి కమిటీ కార్యదర్శి గ్వెన్ వచ్చింది.

"అనుమతి లేకుండా రేవులో మనిషిని అలా లేపకూడదండీ. ప్రదర్శనగా అయితే ఇస్తాం. రోజూ చేయండి, జనానికి ఎంత నచ్చిందో! రోజూ పోటు ఎప్పుడో రేవులో బోర్డు మీద మేమే రాస్తాం."

"లిఫ్టు కుదరదు గానీ క్రేన్ కుదురుతుందా?"

"అది పాతకాలపు పనితనం కదండీ."

వెర్నా తలుపు మొహం మీద వేసేదే. లోపలి నుంచి ఎల్బర్న్ పిలిచాడు. "వెర్నా, ఎన్నాళ్లో అడుగు."

"సెప్టెంబరు దాకా," అంది గ్వెన్. "తర్వాత యాత్రికులు ఉండరుగా."

వెర్నా లోపలికెళ్లి గొంతు తగ్గించింది. "నిన్ను ఆడిస్తారయ్యా. రోజూ."

"ఇక్కడున్నా చూస్తూనే ఉన్నారుగా. బయట చూడనీ."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఎవరిమీదో తెలియలేదు. వెళ్లి గ్వెన్ తెచ్చిన కాగితం మీద సంతకం పెట్టింది.

మర్నాడు ఎల్బర్న్ ఆరింటికే లేచి గడ్డం గీయమన్నాడు. పోటు మధ్యాహ్నం దాకా రాదని ఆమెకు తెలుసు, అతనికి ఇంకా బాగా తెలుసు. నీళ్లు కాచి తెచ్చి, మెల్లగా గీసింది.