నెరీనా అన్నదేమిటంటే

ఇటలీలో కొమాక్కియో అనే ఊళ్ళో ఓరెస్తే బెల్తరామి తీసిన సినిమాలు చూసినవాళ్ళు తక్కువే గానీ, ఆయన చెప్పే కథ విననివాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. మంగలి కొట్లో చెప్పాడు, కాఫీ కొట్లో చెప్పాడు, చివరికి అక్క అర్జియా పన్ను పీకించుకోవడానికి వెంట వెళ్ళి ఆ పళ్ళ డాక్టరుకీ చెప్పాడు. పాపం అర్జియా, నోరు తెరిచి ఉండటం వల్ల అడ్డుపడలేకపోయింది.

పన్నెండు సినిమాలు తీసిన ఘనుడు ఓరెస్తే. అందులో ఆరు కండలవీరులవి. తోలు గోచీలు పెట్టుకుని అట్టలతో చేసిన స్తంభాలు కూలదోస్తారే, అవి. అయిదు గుర్రాలవి. అమెరికా అని చెప్పి రోము పక్కన కంకర గోతుల్లో తీశాడు. ఇక మిగిలింది ఒక్కటి, 'పొగమంచు రేవు'. సొంత ఊళ్ళో, ఉప్పునీటి మడుగుల్లో పాముచేపలు పట్టేవాళ్ళ మీద, నవంబరు చలిలో తీసింది. ఆయన కథంతా ఆ సినిమా ఆఖరి షాటులో హీరోయిన్ నెరీనా గురించే.

"నెరీనా గుండెల్లోతు నీళ్ళలో నిలబడింది. సరిగ్గా కెమెరా కళ్ళలోకి చూసింది. తెరమీద వినపడేది 'ప్రభూ, ఈ ఊరిని చల్లగా చూడు' అని కదా? అది తర్వాత మేం పెట్టిన మాట. ఆవిడ అన్నది వేరు. 'ఓరెస్తే, నేను నీదాన్ని' అంది. కెమెరా పక్కన ఉన్నది నేనేగా! ఆ చలికాలంలోనే పెళ్ళి చేసుకున్నాం." ఇక్కడ కళ్ళు తుడుచుకునేవాడు. నలభై ఆరేళ్ళలో ఒక్క అక్షరం అటూ ఇటూ కాలేదు.

ఆ రోజుల్లో షూటింగు దగ్గర మాటలు రికార్డు చేసే అలవాటు లేదు. నటులు నోరాడిస్తే చాలు, తర్వాత రోములో వేరేవాళ్ళు గొంతు పెట్టేవారు. నెరీనాకి ఎర్సీలియా అనే ఆవిడ పెట్టింది. తేనె గొంతు. నెరీనాది కాస్త ముక్కుతో మాట్లాడే కొమాక్కియో గొంతు. "నీ మాట వింటే బాతులు గుర్తొస్తాయే" అనేవాడు ఓరెస్తే, ముద్దుగానే. ఆమె నవ్వేసేది. ఆ తర్వాత ఇంకే సినిమాలోనూ నటించలేదు. పెళ్ళయింది కదా, చాలనుకుందేమో అనుకున్నాడు.

ఇంతకీ అసలు సంగతేమిటంటే, ఆ షాటులో ఆమె ఏమందో ఓరెస్తేకి తెలియదు. కెమెరా రొద, దానికి తోడు గాలి. ఒక్క ముక్క వినపడలేదు. తర్వాత ఎన్నిసార్లు అడిగినా నెరీనాది ఒకటే జవాబు: "దర్శకుడివి నువ్వే కదయ్యా. నీకేం కావాలో అది పెట్టుకో." సరేనని ఆయన తనకు కావలసింది పెట్టుకున్నాడు. ఆమె పోయి ఆరేళ్ళయింది. చెప్పగా చెప్పగా ఆ కథని సగం నమ్మాడు. నమ్మని రెండో సగం మాత్రం పుచ్చుపన్నులా సలుపుతూనే ఉంది.

ఆయనకి ఎనభై నిండాయని ఊరివాళ్ళు ఒక ఆదివారం మధ్యాహ్నం సన్మానం పెట్టారు. ముందు 'పొగమంచు రేవు' ఆట, తర్వాత ఇత్తడి ఫలకం. ముందు వరసలన్నీ ఊరి బధిరుల సంఘానికిచ్చారు.

"చెవులు వినపడనివాళ్ళకి ముందు వరసలెందుకమ్మా?" అన్నాడు ఓరెస్తే.

"వాళ్ళు వినేదే కళ్ళతో కదా మాస్టారూ!" అంది మున్సిపాలిటీ తరఫున సభ నడుపుతున్న ఫ్లావియానా.

సినిమాకి ముందు ఓరెస్తే తన కథ చెప్పాడు. చప్పట్లు పడ్డాయి. దీపాలు ఆరాయి. హీరో నెరీనాని కౌగిలించుకుని వీడ్కోలు చెబుతున్నాడు, హాలంతా ముక్కులు చీదుతోంది, ముందు వరసల్లో పకపకా నవ్వులు! తర్వాత జాలరి శవానికి బిషప్పు దీవెనలిచ్చాడు. ఈసారి చెప్పులు కుట్టే రెమీజియో మోకాళ్ళ మీద చరుచుకుంటూ పడీ పడీ నవ్వాడు. పోయిన ప్రాణం ఆ శవానిదో తనదో ఓరెస్తేకి తెలియలేదు.

విరామంలో రెమీజియోని పట్టుకున్నాడు. రెమీజియో పుట్టు చెవిటివాడు, కానీ పెదవులు చూసి మాట పట్టడంలో ఊరికి పెద్ద. మాట బొంగురుగా ఉన్నా స్పష్టంగానే వస్తుంది.

"ఎందుకురా ఆ నవ్వు? నా కొంప ముంచావు కదరా!"

"నవ్వక చావమంటావా? ఆ బిషప్పు దీవిస్తున్నాడనుకున్నావా? ఫుట్‌బాల్ జట్టు పేర్లు వరసగా చదువుతున్నాడు. గోల్ కీపరుతో మొదలెట్టాడు."

"హీరో?"

"'ఇవాళ కూడా చిక్కుడుగింజలేనా భోజనానికి' అంటున్నాడు, ఆవిణ్ణి వాటేసుకుని!"

పక్కనే ఉన్న అర్జియా పొట్ట పట్టుకుని నవ్వింది. ఓరెస్తే ఎవర్ని తిట్టగలడు? నోటికొచ్చింది అనండి, ఎలాగూ గొంతు మార్చేస్తాం అని వాళ్ళకి చెప్పింది ఆయనే మరి.

"నెరీనా?" అన్నాడు మెల్లగా.

రెమీజియో నవ్వడం మానేశాడు. "ఆవిడ ఒక్కర్తే కథకి తగ్గ మాటలంటోంది. మొదట్నుంచీ. అదీ మన యాసలో. రోము వాడికెవడికీ పట్టుబడదు."

ఆఖరి షాటు ఇంకో ముప్పావు గంటలో వస్తుంది. తలనొప్పి అని ఓరెస్తే ఇంటికి పోవచ్చు, ఎవరూ తప్పుపట్టరు. పోలేదు. కుర్చీ ఈడ్చుకొచ్చి రెమీజియో పక్కన కూర్చున్నాడు.

తెరమీద నెరీనా నీళ్ళలో నిలబడింది. ఎర్సీలియా తేనె గొంతు ఊరిని చల్లగా చూడమంది. ముందు వరసల్లో ఒక్కరూ నవ్వలేదు.

ఓరెస్తే రెమీజియో భుజం తట్టి తన వైపు తిప్పుకున్నాడు. "ఏమంది?"

"నీ పేరు పిలిచింది."

"తర్వాత?"

"వద్దులేరా."

"చెప్పరా, నీకు దణ్ణం పెడతాను."

"'ఓరెస్తే, ఈ ఒక్కదానికైనా నా గొంతు ఉంచవా' అంది. 'నీకు పుణ్యముంటుంది' అంది."

ఎనభయ్యేళ్ళ మనిషి వెక్కి వెక్కి ఏడ్చాడు. సన్మానం ఆనందం కాబోలనుకుని వెనకవాళ్ళు వీపు నిమిరారు.

ఫ్లావియానా వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని వేదిక ఎక్కించింది. "మాస్టారూ, టీవీవాళ్ళు వచ్చారు. ఆ కథ ఇంకొక్కసారి!"

ఓరెస్తే మైకు పట్టుకున్నాడు. ముందు వరసల్లోని కళ్ళన్నీ ఆయన పెదవుల మీదే ఉన్నాయి. అబద్ధం ఆడలేకపోయాడు. నిజం చెబుదామంటే గొంతు పెగల్లేదు. అయినా చెప్పాడు. పెదవులాడాయి, మాట మాత్రం బయటికి రాలేదు. నెరీనా ఏమందో చెప్పాడు, తనేం చేశాడో చెప్పాడు, ఆ బాతుల మాటా చెప్పాడు. కథ కంఠతా వచ్చిన జనం, ఇక్కడే కదా కళ్ళు తుడుచుకునేది అనుకుని చప్పట్లు కొట్టేశారు. రెమీజియో టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

కిందికి దిగగానే టీవీ కుర్రాడు ఎదురొచ్చాడు. "మీ మాట అస్సలు పడలేదు మాస్టారూ. కంగారేం లేదు, కథ మాకు తెలిసిందేగా. పక్కన ఫెరారా పట్నంలో మాంచి గొంతున్నాయన ఉన్నాడు, పెట్టించేస్తాం."

వద్దని చెప్పడానికి ఓరెస్తే నోరు తెరిచాడు. మాట అప్పటికీ రాలేదు.

గురువారం భోజనాల వేళ టీవీలో ఓరెస్తే పెదవులాడించాడు. "'ఓరెస్తే, నేను నీదాన్ని' అంది" అని గంభీరమైన గొంతొకటి పలికింది.

"నీ గొంతు కంటే నయంగా ఉందిరా" అంది అర్జియా, పాముచేప పులుసు వడ్డిస్తూ.

ఓరెస్తే చెంచా ముట్టలేదు. "అక్కా, సినిమా మొదటి ఆటకి నెరీనా నీ పక్కనే కదూ కూర్చుంది?"

"నా పక్కనే."

"చివర్లో ఏమంది?"

అర్జియా ఇంకో గరిట పులుసు పోసింది. "ఏమీ అనలేదురా. బాగుందా అని నువ్వు అడిగావు. బాగుందంది."