పీట మీద కొలత

"కూర్చోండి," అన్నాడు పీటాయన, సుద్దముక్క చెవి మీద దోపుకుంటూ.

వచ్చినతను నగల దుకాణం ముందు కాపలా ఉండే మనిషి. ఏ దర్జీ దగ్గరికెళ్ళినా నిలబడినట్టే చేతులు రెండూ పక్కలకి చాపి, ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాక్కుని సిద్ధంగా ఉన్నాడు.

"కొలతలకి కూర్చోవడమేంటండీ? పెళ్ళిచూపులా?"

"షాపు ముందు రోజంతా నిలబడే ఉంటారా?"

"నిలబడితే ఇంకేమైనా ఉందా! కుర్చీ వేశారుగా."

"మరి అందుకే కూర్చోండి. ఆ పొట్ట కూడా వదిలేయండి, ఇక్కడ చూసేవాళ్ళెవరూ లేరు."

ముక్కాలిపీట కిర్రుమంది. అతను కూర్చోగానే, అప్పటిదాకా ఒద్దికగా ఉన్న లోపలి జాకెట్టు కింది అంచు పొట్ట మీద ఆగిపోయి, పై అంచు గెడ్డం కిందికి తన్నుకొచ్చింది. చొక్కా కింద వేసుకునే జాకెట్టు అది. మెత్తగా ఉంటుంది, పైకి కనపడదు, పిస్తోలు తూటాని ఆపుతుంది. ఒంటి మీద ఉంటేనే అనుకోండి.

"చూశారా! ఇలా పీక నొక్కుతుంటే ఎంతసేపు ఉంచుకుంటారు? మధ్యాహ్నానికి విప్పేసి కుర్చీకి తగిలిస్తారు. వచ్చేవాడు కుర్చీని కాల్చి పోతాడా?"

కాపలా మనిషి పెద్దగా నవ్వాడు. పీటాయన నవ్వలేదు. అడుగు అంచుకీ నడుం పట్టీకీ మధ్య మూడు వేళ్ళు పెట్టి చూసి, సుద్దతో గీత గీసి, ఒక సైజు పొట్టిది తీసిచ్చాడు.

ఇలాంటి జాకెట్లు అమ్మే షాపు వెనక గది అది. ఒకే కిటికీ, దానికి ఊచలు, ఊచల అవతల వీధి. గోడవారగా తొక్కుడు మిషను. కడ్డీకి తెల్లవీ బూడిద రంగువీ ఒంటి రంగువీ జాకెట్ల పైగుడ్డలు, గలీబులు, వేలాడుతుంటాయి. తూటాని ఆపే పొరలు మాత్రం చెక్కబల్లల మీద పడుకునే ఉంటాయి, నల్లగుడ్డలో మూతి మూసుకుని. వాటిని మేకుకి తగిలించకూడదు, మడతపెట్టకూడదు, సూది ముట్టించకూడదు. కుట్టేదీ కత్తిరించేదీ పైగలీబునే. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ గదిలో పీటాయనకి అదే పని. మిషను మీదికి వంగీ వంగీ ఎడమ భుజం దిగిపోయింది. కళ్ళజోడు కాడ ఊడిపోతే దారం చుట్టుకున్నాడు, అదీ నాలుగేళ్ళ కిందట. ఆయనకి తల్లీతండ్రీ పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది, కానీ ఆ వీధిలో ఎవరినడిగినా పీటాయన అనే చెబుతారు.

కాపలా మనిషి వెళ్ళాక ఆయన పీటని గుడ్డతో తుడిచాడు.

"ఇవాళ ఇది నాలుగోసారి," అంది షాపు ఓనరమ్మ, తలుపులోంచి తొంగిచూసి. "అరిగిపోతుందయ్యా. వచ్చేది నీ తమ్ముడి కూతురేగా, మహారాణి కాదుగా."

"నాకు మహారాణేనండీ."

తమ్ముడు పోయేనాటికి ఆ పిల్లకి నాలుగేళ్ళు. అప్పట్నించీ బడి ఫీజు దగ్గర్నించి జ్వరం మందు దాకా పీటాయనే చూసుకున్నాడు. సొంత పిల్లలు లేరు. ఇప్పుడా పిల్లకి ఇరవై మూడు. ఏ ఉద్యోగం వద్దని ఇంటిల్లిపాదీ మొత్తుకున్నారో దాంట్లోనే చేరింది, వ్యానుల వెంట వెళ్ళే కాపలా ఉద్యోగం. మామూలు బట్టల్లోనే ఉండాలి, కాపలా అని పైకి తెలియకూడదు. గనుల దారిలో ఆరు నెలలు. మధ్యాహ్నం మూడింటికి కారొస్తుంది.

పదకొండింటికి వచ్చింది పిల్ల. భుజాన బరువు సంచి, ముఖాన చెమట.

"పెద్దనాన్నా, నువ్వింకా ఈ కళ్ళజోడు మార్చలేదా? దారం కూడా మాసిపోయింది."

"దారమే మారుస్తాలే. ముందు ప్లేటు చూపించమ్మా."

సంచిలోంచి రెండు చేతులతో ఎత్తి బల్ల మీద పెట్టింది. పలక సైజులో, రోటిరాయంత బరువుతో, ఛాతీకి సరిపడా వంపు తిరిగి ఉంది. గొడవ అనుకున్నప్పుడు చొక్కా పైన బిగించుకునేది ఇది. పెద్ద తుపాకి తూటాని మెత్తటి జాకెట్టు ఆపలేదు, ఇది ఆపుతుంది. పీటాయన ముందువైపు చూడనే లేదు. వెనక్కి తిప్పి, అంటించిన చీటీని వేలితో వెంబడిస్తూ చదివాడు.

"జంటది," అన్నాడు.

"అంటే?"

"కొన్ని ప్లేట్లు ఒంటరిగా ఆపుతాయి. ఇది ఆపదు. వెనకాల మెత్తటి జాకెట్టు ఉండాలి. అదీ ఏదిబడితే అది కాదు, ఏ తరగతిది ఉండాలో ఇదిగో రాశాడు. కింద జాకెట్టు లేకుండా ఇదొక్కటీ కట్టుకున్నావంటే బరువు మోయడమే."

"ఓస్, అంతేనా? జాకెట్టు ఉందిగా," అని పిల్ల మళ్ళీ సంచిలో చెయ్యి పెట్టింది.

బూడిద రంగు గలీబు. ఎడమ భుజం పట్టీ మీద రెండు వరసల కుట్టు. చూడగానే పీటాయన చెయ్యి బల్ల అంచుని పట్టుకుంది. తన కుట్టే అది. మరదలు ఎప్పుడో పారేసిందనుకున్నాడు.

"అమ్మ ట్రంకులో దాచింది. దీనికి గలీబు మార్చి నా కొలతకి బిగించివ్వు, చాలు. నాన్నది వేసుకునే వెళ్తా."

"ఇది పనికిరాదమ్మా. ఈ పొరల ఆయుష్షు ఐదేళ్ళు. చెమటకీ వేడికీ లోపల్లోపలే చచ్చిపోతాయి. దీనికి పంతొమ్మిదేళ్ళు."

"ఎక్కడ చచ్చిపోయింది? చూడు, ఒక్క మరక లేదు. తూటా నాన్నకి మెడకి తగిలిందిగా, జాకెట్టు పైన. దీని తప్పేముంది? అమ్మ కూడా ఇదే వేసుకోమంది. ఆయన తోడున్నట్టుంటుందని."

పీటాయన కొత్తవి రెండు తీశాడు. పిల్ల వాటివైపు కన్నెత్తి చూడలేదు. బతిమాలాడు, కసిరాడు. చిన్నప్పుడు మందు తాగనని పెదాలు బిగించినట్టే బిగించి కూర్చుంది. మొండితనం అచ్చం తమ్ముడిదే. జాకెట్టు చీటీ మీద వేసిన తేదీ చూపిస్తే, "తేదీలు అమ్ముకోడానికి వేస్తారు పెద్దనాన్నా," అంది.

బయట గడియారం పన్నెండు కొట్టింది. నోరు మూసుకుంటే మూడింటికి ఈ పిల్ల చచ్చిన గుడ్డ ఒకటి ఛాతీకి కట్టుకుని, దాన్ని నమ్ముకున్న ప్లేటొకటి మీద బిగించుకుని, గనుల దారి పట్టేస్తుంది. నోరు విప్పితే... పంతొమ్మిదేళ్ళలో ఆయన ఆ మాటని తనలో తాను కూడా అనుకోలేదు.

"సరే. ఒకసారి నాన్నదే వేసుకో," అన్నాడు.

టీషర్టు మీద వేసుకుంది. నిలబడితే ఫరవాలేదనిపించింది.

"కూర్చో."

పీట మీద కూర్చుంది. పై అంచు లేచి గెడ్డానికి తగిలింది. తల పైకెత్తుకుని, "కొంచెం ఒరుసుకుంటోంది, అంతేగా," అంది.

"మీ నాన్నకీ ఒరుసుకుంది."

పిల్ల ఆయనవైపు తిరిగింది.

"వీధిలో వ్యాను ఇంజను ఆపకుండానే వచ్చాడు వాడు. తొందరగా కానీయరా అన్నయ్యా అన్నాడు. ఇదిగో, ఈ గుమ్మంలోనే, నిలబెట్టే కొలిచాను. అప్పుడీ పీట లేదు. బ్రహ్మాండంగా ఉందిరా అన్నాను. వాడేమో రోజుకి పది గంటలు స్టీరింగు ముందు కూర్చునే మనిషి. నాలుగు రోజులయ్యాక వచ్చి, పీక నొక్కేస్తోందిరా అన్నాడు. పని ఎక్కువగా ఉంది. వాడగా వాడగా అదే సర్దుకుంటుందిలే పొమ్మన్నాను."

చెవి మీది సుద్ద తీసి చేతిలో నలిపాడు.

"రెండు వారాలు ఓర్చుకున్నాడు. ఆ రోజు అది సీటు వెనక తగిలించి ఉంది. మెడకి కాదమ్మా తగిలింది. ఇక్కడ." తన ఛాతీ మీద అరచెయ్యి పెట్టుకున్నాడు. "బట్ట కప్పి తెచ్చారు. మీ అమ్మ చూసే స్థితిలో లేదు. మెడకి అని చెప్పింది నేనే."

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. పిల్ల మెల్లిగా పట్టీలు ఒక్కొక్కటే విప్పింది. చర్రుచర్రుమని ఊడాయి అవి. జాకెట్టు తీసి బల్ల మీద పెట్టింది.

"కొలవండి," అంది.

పుట్టి బుద్ధెరిగినప్పట్నించీ ఆయన్ని నువ్వనే పిలిచిన పిల్ల. పీటాయన టేపు కోసం మెడ తడుముకున్నాడు. అది అక్కడే ఉన్నా వెంటనే చేతికి దొరకలేదు.

ఆడవాళ్ళకి టేపు పట్టేది ఓనరమ్మ. పిలిస్తే వచ్చింది. ఆవిడకి ఏమీ తెలియదు కదా, వస్తూనే మొదలెట్టింది. "ఏమ్మా, ఇంత సన్నగా ఉన్నావు, ఆ ప్లేటు నువ్వు మోస్తావా, అది నిన్ను మోస్తుందా?" పిల్ల మర్యాదకి పెదవి కదిపింది. పీటాయన అంకెలు రాసుకున్నాడు.

మూడు జాకెట్లు పరిచాడు బల్ల మీద. అన్నిటికన్నా మందమైనది ఓనరమ్మ మెచ్చుకుంది.

"ఆ ఎండలో మధ్యాహ్నానికి విప్పేస్తుంది," అని పక్కన పెట్టాడు.

అన్నిటికన్నా పలచనిది పిల్ల చూపులో పడింది.

"పిస్తోలుకైతే చాలు. ప్లేటు వెనకాలకి ఇది చాలదు, చీటీలో రాసిన తరగతి కాదు."

మిగిలింది మధ్యది. ఆడవాళ్ళ ఒంటికి తగ్గ వంపుతో చేసినది, ప్లేటు అడిగిన తరగతిది. దాన్ని పిల్ల వీపుకీ ఛాతీకీ ఆనించి, పైన ప్లేటు పెట్టి, నాలుగు వైపులా ప్లేటు అంచుని దాటి మెత్తటి పొర వేలెడు బయటికి వస్తోందో లేదో చూశాడు.

"కూర్చో... బూటు లేసు కట్టుకున్నట్టు వంగు... చెయ్యి చాపి తలుపు తీస్తున్నట్టు... మెడ తిప్పు."

ఆయన చెప్పిందల్లా చేసింది. ముఖంలోకి మాత్రం చూడలేదు.

తర్వాత రెండు గంటలు మిషను ఆగలేదు. గలీబు పక్కలు దించాడు, భుజం పట్టీ మార్చాడు, కింది అంచు అంగుళం ఎత్తాడు. అన్నం డబ్బా మూత తీయకుండానే పక్కనుంది. పిల్ల పీట మీద గోడకి ఆనుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, సూది పడి లేచే చోటునే చూస్తూ కూర్చుంది. ఒక్కసారి మాత్రం అడిగింది, "అమ్మకి తెలుసా?" అని. తెలియదన్నట్టు ఆయన తల అడ్డంగా ఊపాడు.

మూడింటికి కారు హారను కొట్టింది. కొత్త జాకెట్టు మీద చొక్కా వేసుకుని బొత్తాలు పెట్టుకుంది. భుజాల దగ్గర గానీ వీపు దగ్గర గానీ గీత కనపడలేదు, మామూలు పిల్లలా ఉంది, ఏ బస్‌స్టాపులోనైనా నిలబడి ఉండే పిల్లలా. ప్లేటు సంచిలో పెట్టుకుంది.

"పొరని ఎండలో పెట్టకు. నీళ్ళలో ముంచకు, గలీబొక్కటే ఉతుక్కో. నొక్కితే ఓర్చుకోకమ్మా. ఫోను చెయ్యి, ఎక్కడున్నా వచ్చి సరిచేస్తాను," అన్నాడు పీటాయన.

పిల్ల సంచి భుజాన వేసుకుంది. ఎప్పుడూ గుమ్మం దాటుతూ వెళ్ళొస్తా పెద్దనాన్నా అని అరిచేది. ఇవాళ ఏమీ అనలేదు. ముందుగదిలో ఓనరమ్మతో మాత్రం, "వస్తానండీ," అన్నది వినపడింది.

పీటాయన కిటికీ దగ్గరికెళ్ళి ఊచలు పట్టుకున్నాడు. కారు అవతలి పక్క ఆగి ఉంది. పిల్ల ముందు సీట్లో కూర్చుంది. తలుపు వేసుకోలేదు. బూటు లేసు కట్టుకున్నట్టు వంగింది, లేచింది. చెయ్యి చాపింది. మెడ అటూ ఇటూ తిప్పింది. తర్వాత గెడ్డానికీ జాకెట్టు అంచుకీ మధ్య రెండు వేళ్ళు పెట్టి చూసుకుంది. పట్టాయి కాబోలు, చెయ్యి దించి తలుపు లాక్కుంది. కిటికీ వైపు చూడలేదు. కారు మలుపు తిరిగిపోయింది. ఆ తర్వాత కూడా ఆయన చాలాసేపు ఊచలు వదల్లేదు.

ఓనరమ్మ వచ్చి మిషను కింద ముక్కలు ఊడ్చింది. "డబ్బా అలాగే ఉంచేశావేం? ఇదిగో, ఈ పాతది కూడా చెత్తలో వేసేయనా?"

"ఉండనీయండి," అన్నాడు పీటాయన, ఇటు తిరగకుండా.

ఆవిడ బల్ల తుడుచుకోవడానికి అడ్డంగా ఉందని దాన్ని తీసి పీట మీద పెట్టి పోయింది. బూడిద రంగు జాకెట్టు, ఛాతీ దగ్గర చిల్లన్నది లేదు. మెడ దగ్గర మాత్రం, రెండు వారాలు ఒక గెడ్డం ఒరుసుకున్న చోట, అంచు నూలు లేచి ఉంది.