మోకాళ్ళ గుంతలు

అమ్ఘరా రాళ్ళ యార్డుల పొద్దున ఆరు గొట్టంగనే గ్రైండర్లు మొదలైతయ్. లింగం మూతికి తువ్వాల కట్టుకొని, రాయి ముంగట కూసొని, చాయ్ సల్లారకముందే ఒక అంచు సాపు చేస్తడు. జగిత్యాల కాడ వాళ్ళ నాయిన రోళ్ళు కొట్టిండు. ఈయన ఎనిమిదేండ్ల సంది కువైట్ల మంది ఇండ్లకు మెట్లు కొడుతుండు.

ఈసారి పదకొండు మెట్లు, ఫ్రాన్సుల ఓ పల్లెటూరి చర్చివి. పెట్టె మీది కాయితం ఫోర్మన్ అబ్దుల్ ఖుద్దూస్ చదివి చెప్పిండు.

"గుట్ట మీద గుడి, లింగం. మొదలు నీళ్ళ ఊట కాడ చిన్నగ కట్టిర్రట. మందంపాటి గోడలు, గుండ్రటి కమాన్లు. లడాయిల కాలిపోతే మిగిలిన గోడల మీదనే మల్ల లేపిర్రు. అందుకే కింద కమాన్లు గుండ్రం, మీదియి మొనదేలినయ్. గోపురాలు రెండు. రెండోది తండ్రులు మొదలువెడితే కొడుకులు కట్టిర్రు, ఎత్తు కుదరలే."

"మరి మెట్లు?"

"మొక్కున్నోళ్ళు మోకాళ్ళ మీద ఎక్కేటోళ్ళట. ఎనిమిది వందల ఏండ్లు. అరిగినయని కొత్తయి ఏసి, ఇయి అమ్మిర్రు."

మెట్టుకు రెండు గుంతలు, నున్నగ, గిన్నెల తీరు. కొన్నది లింగం కఫీలే, వీసా ఇచ్చి పనికి పెట్టుకున్న సేటు. జహ్రాల తన ఇంటి ముంగట ఏయిస్తడు. వాళ్ళమ్మ తట్టుకొని పడకుంట సాపు కావాలన్నడు. "ఇది ఖలాస్ చెయ్ లింగం, మీ ఊరికి పో" అన్నడు.

ఆ మాట కోసమే లింగం చేతులు ఆడుతున్నయ్. చెల్లె మంగ బిడ్డ వనితకు ఎములాడ రాజన్న గుడిల ఇంక పుట్టెంటికలు తియ్యలే. మేనమామ ఒళ్ళె కూసోవెట్టుకొని మొదటి కత్తెర ఎయ్యాలె. మంగకు అన్న ఒక్కడే. ఒకపారి కరోనా, ఒకపారి ఈడ ఉండనిచ్చే ఇఖామా కాయితం, ఒకపారి కఫీల్ మారుడు అడ్డమొచ్చినయ్. సరి యేడుల తియ్యరాదు. ఇరవై రోజులైతే పిల్లకు ఎనిమిదో యేడు వడ్తది.

మంగ ఫోన్ చేసింది. "అన్నా, జెడ నడుము దాటింది. బడిల జడల దయ్యం అంటున్నరు. మొన్న పిల్లనే కత్తెర వట్టుకుంటే గుంజుకున్న. వస్తవా, రావా?"

"మెట్లయినంక వస్తనే."

"నీ మెట్లు ఏడేండ్ల సంది అయితనే ఉన్నయ్."

మొదటి మెట్టు గీకి రసమట్టం పెడితే బుడగ నడుమ నిలిచింది. అన్నం తిని వచ్చేసరికి గుంతలు మల్ల పడ్డయ్. తిప్పి చూసిండు. అడుగున సుత గుంతలే. అక్కడి మేస్త్రీలు ఎన్నడో ఒకపారి తిప్పి ఏసుకున్నరు. అది సుత గీకిండు. తెల్లారి మల్ల గుంతలు, అండ్ల ఇంత తడి, మైనం వాసన.

"ఇంక ఎక్కుతనే ఉన్నరా?" ఖుద్దూస్ అడిగిండు.

"ఎక్కుతున్నరు భాయ్."

"వాళ్ళ మొక్కులు వాళ్ళయి. కఫీల్ మాత్రం ఈ శుక్రారం కాక మీది శుక్రారం వస్తడు. యల్లా, జల్ది కానియ్."

పన్నెండు రోజులు గీకిండు. జానెడు రాయి బెత్తెడైంది. పదమూడో నాడు వనిత ఫోన్ల మొఖం పెట్టి అడిగింది: "మామా, నువ్వు నిజంగ ఉన్నవా?"

"ఉన్న బిడ్డా" అన్నడు.

గ్రైండర్ బందు చేసిండు. ఇసుక కుప్ప వాలుకు పదకొండు మెట్లు వరుసగ పేర్పిచ్చిండు. బూట్లిడిసి, మోకాళ్ళు ఆ గుంతలల్ల పెట్టిండు. అండ్ల ఊరిన నీళ్ళు మంచు తీరు తాకినయ్. ఒక్కో గ్రైండర్ ఆగింది. మీది మెట్టు కాడ తల వంచి, "ఎవ్వలమ్మవో తల్లీ, నాకు నీ పేరు తెల్వది. ఎములాడ రాజన్నకు ఒక పిల్ల ఎంటికలు బాకీ ఉన్న" అన్నడు.

తెల్లారి పదకొండు మెట్లు సాపు. ఖుద్దూస్ బుడగ చూసి తలూపిండు. లింగం ప్యాంటు ఎత్తి చూసుకుంటే, గుంతలు తన మోకాళ్ళకు వచ్చినయ్.

"నొస్తుందా?"

"బరువున్నయ్ భాయ్."

"పైలంగ తీస్కపో మరి."

కుంటుకుంటనే విమానం దిగిండు. ఎములాడల పంచె ఎగ్గట్టి సక్లముక్లం కూసొని పిల్లను ఒళ్ళెకు తీసుకుండు. ఏడో యేడు ఇంక మూడు రోజులుంది. కత్తెర ఎయ్యంగనే మొదటి పాయ జారి, కుడి మోకాలి గుంతల పడ్డది.

"మామా, నీ మోకాల్ల నీళ్ళున్నయ్."

"మనయి కావు బిడ్డా. చానమందియి. కదలకు."

గుండైనంక వనిత తల తడుముకుంట ఉరికింది. లింగం లేసి ఎనుకపొంటి నడిచిండు. కుంటలే, మోకాళ్ళు సాపైనయ్. ఆ పాయ యాడవోయిందో ఎవ్వలు అడగలే.